ఆ రెండు మాటల చుట్టరికం ఏమిటి?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాము. మా అబ్బాయి ఆరవ తరగతి చదువుతున్నాడు. వచ్చే ఏడాది ఏడవ తరగతికి ఒక ప్రైవేటు పాఠశాలలో చేర్పించాలన్న ఉద్దేశంతో ఎస్‌ఎస్‌ఏటీ మిడిల్ లెవెల్ పరీక్షకు సిద్ధం చేస్తున్నాము. లెక్కల్లో ఇబ్బంది లేదు. కథల పుస్తకాలు బాగా చదువుతాడు, సమానార్థక పదాల ప్రశ్నలు చాలావరకు సరిగ్గానే చేస్తాడు. అనాలజీల దగ్గరకు, అంటే ఒక జత మాటల మధ్య ఉన్న సంబంధమే ఉన్న మరో జతను ఎంచుకోమనే ప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి మాత్రం సగానికి సగం తప్పులే. ఆ జవాబు ఎందుకు పెట్టావని అడిగితే ‘ఆ రెండూ కలిసే వస్తాయి కదమ్మా’ అంటాడు. కోచింగ్‌లో సంబంధాల రకాలన్నిటినీ ఒక పట్టికగా ఇచ్చి కంఠస్థం చేయించారు కానీ ప్రయోజనం కనిపించలేదు. నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. ఇంగ్లీషు మాటల్లోని తేడాలు వాడికి నేను చెప్పగలనా అన్న సంకోచం ఉంది. తెలియని ప్రశ్నలను వదిలేయమని ఒకరు, ఏదో ఒకటి పెట్టేయమని మరొకరు చెబుతున్నారు. పరీక్ష అయ్యేవరకు ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషులోనే మాట్లాడమని మావారి స్నేహితులు సలహా ఇస్తున్నారు. ఏం చేయమంటారు?

— ఒక తల్లి, న్యూజెర్సీ

సమాధానం: అమ్మా, నమస్కారం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడిన వాక్యం మీ అబ్బాయి అన్నదే. ‘ఆ రెండూ కలిసే వస్తాయి’ అన్నాడంటే అతనికి ఆ పదాల అర్థాలు తెలుసు, వాటి మధ్య ఏదో సంబంధం ఉందనీ తెలుసు, అయితే ఆ సంబంధం ఏమిటో తనకు తాను మాటల్లో చెప్పుకోకుండానే జవాబుల మీదికి వెళ్లిపోతున్నాడు. పదసంపద తక్కువై వచ్చే తప్పులు వేరు, ఇవి వేరు. సమానార్థకాలు బాగా చేస్తున్న పిల్లవాడికి మరిన్ని కొత్త పదాల జాబితాలు ఇచ్చి బట్టీ పట్టించినంత మాత్రాన ఈ తప్పులు తగ్గవు. అతనికి కావలసినది సంబంధాన్ని ఒక పూర్తి వాక్యంగా చెప్పే అలవాటు. ఆ అలవాటు చేయించడానికి తెలుగు మాధ్యమంలో చదివిన తల్లి ఏ విధంగానూ తక్కువ కాదు. ఈ మాట మీకు ధైర్యం చెప్పడానికి అంటున్నది కాదని చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

ఈ పరీక్ష సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఎన్‌రోల్‌మెంట్ మేనేజ్‌మెంట్ అసోసియేషన్ అనే సంస్థ నిర్వహించే ఎస్‌ఎస్‌ఏటీని అమెరికాలోని చాలా ప్రైవేటు పాఠశాలలు ప్రవేశాల కోసం పరిగణిస్తాయి. అందులో మిడిల్ లెవెల్ పరీక్ష ప్రస్తుతం 5, 6, 7 తరగతులు చదువుతున్న పిల్లలకు ఉద్దేశించినది. ఇన్నేళ్లుగా సాగుతూ వచ్చిన రూపంలో, మాటల మీద ప్రశ్నలుండే వెర్బల్ విభాగంలో 60 ప్రశ్నలకు 30 నిమిషాల సమయం ఉంటుంది. వాటిలో 30 సమానార్థకాలు, 30 అనాలజీలు. ప్రతి ప్రశ్నకు ఐదు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. మీరు రిజిస్ట్రేషన్ చేసుకునే ముందు, ఆ ఏడాదికి వర్తించే నిబంధనలను సంస్థ వెబ్‌సైట్‌లో ఒకసారి స్వయంగా చదివి, సాధన పుస్తకం వాటికి సరిపోతుందో లేదో సరిచూసుకోండి. ఇంకొక ప్రవేశ పరీక్ష అయిన ఐఎస్‌ఈఈలో అనాలజీలు లేవు. కాలేజీ ప్రవేశాల శాట్ పరీక్ష నుంచి వీటిని 2005లోనే తీసేశారు కాబట్టి, బంధువుల పిల్లలు శాట్‌కు చదివి ఇచ్చిన ఈ మధ్య పుస్తకాలు కూడా ఈ విషయంలో మీకు అక్కరకు రావు. అయితే మీరు గానీ మీవారు గానీ ఎప్పుడైనా బ్యాంకు ఉద్యోగాలకో గ్రూప్స్‌కో చదివి ఉంటే, మన రీజనింగ్ పుస్తకాల్లో ‘పోలిక పరీక్ష’ అన్న పేరుతో ఇటువంటి ప్రశ్నలను చేసే ఉంటారు.

ఇక విషయానికి వస్తాను. ఒక తేలికైన ప్రశ్నతో మొదలుపెడదాం. ‘ఆథర్ : నావెల్’ అన్న జతను ఇచ్చి, దానికి సరిపోయే జతను ఎంచుకోమన్నారనుకోండి. జవాబులు ఇవి: షెఫ్ : కిచెన్, లైబ్రేరియన్ : బుక్, కంపోజర్ : సింఫనీ, యాక్టర్ : స్టేజ్, టీచర్ : చాక్. కలిసి వచ్చే మాటలు కావాలంటే ఈ ఐదు జతలూ కలిసి వచ్చేవే. పైగా నవల, పుస్తకం దగ్గర దగ్గర మాటలు కావడంతో పిల్లవాడి చెయ్యి లైబ్రేరియన్ మీదికి పోతుంది. జవాబులను చేత్తో మూసి, ముందుగా పై జతకు మాత్రమే ఒక వాక్యం చెప్పమనండి. ‘ఆథర్ నావెల్‌ను సృష్టిస్తాడు’ అని అతను అనగలిగితే పని దాదాపు పూర్తయినట్టే. ఇప్పుడు చెయ్యి తీసి, అదే వాక్యంలో ఒక్కొక్క జతనూ పెట్టి చదవమనండి. షెఫ్ కిచెన్‌ను సృష్టించడు, లైబ్రేరియన్ పుస్తకాన్ని సృష్టించడు, యాక్టర్ స్టేజ్‌ను సృష్టించడు, టీచర్ చాక్‌ను సృష్టించడు. సంగీతం కూర్చే కంపోజర్ సింఫనీ అనే సంగీత రచనను సృష్టిస్తాడు. ఇక్కడ జవాబును వాక్యమే పట్టి ఇచ్చింది. జవాబులను ముందు చూసి ఆలోచించే పిల్లలు తెలియకుండానే నచ్చిన జవాబుకు తగినట్టుగా సంబంధాన్ని అల్లుకుంటారు. అందుకే మొదటి రోజుల్లో జవాబులను మూసి ఉంచడం చాలా అవసరం.

మన ఇళ్లలో పిల్లలకు చుట్టాలను పరిచయం చేసే పద్ధతి ఇక్కడ పనికివస్తుంది. పెళ్లిలో ఎవరో ఒకాయనను చూపించి ‘మన చుట్టం’ అంటే పిల్లవాడికి ఏమీ తెలియదు. మేనమామా, పెదనాన్నా, తాతకు తోడల్లుడా అన్నది చెబితేనే అతనెవరో అర్థమవుతుంది. అంతేకాదు, ‘ఆయన నాకు మామ’ అన్నదానికీ ‘నేను ఆయనకు అల్లుణ్ణి’ అన్నదానికీ దిశ వేరు. అనాలజీలో మీ అబ్బాయి రెండు మాటలూ చుట్టాలని చెప్పి ఊరుకుంటున్నాడు. మీరు అడగవలసినది ఒక్కటే ప్రశ్న: ‘ఏమవుతారు?’

చాలా పుస్తకాలు వాక్యం చెప్పుకోమనే వరకు చెప్పి ఆగిపోతాయి. మీ అబ్బాయి వంటి చదివే పిల్లలు నిజంగా దెబ్బతినేది ఆ తరువాతి మెట్టు దగ్గర. ఈ ప్రశ్న చూడండి. ‘ఫిన్ : ఫిష్’ అని ఇచ్చారు. జవాబులు: (ఎ) నెస్ట్ : బర్డ్, (బి) ప్రొపెల్లర్ : షిప్, (సి) మేన్ : లయన్, (డి) రూఫ్ : హౌస్, (ఇ) బార్క్ : ట్రీ. పిల్లవాడు బుద్ధిగా జవాబులు మూసి, ‘ఫిన్ అనేది ఫిష్‌లో ఒక భాగం’ అని వాక్యం చెబుతాడు. తప్పేమీ లేదు. చెయ్యి తీసి చూస్తే పక్షి గూడు పక్షిలో భాగం కాదు కాబట్టి అది ఒక్కటే పోతుంది. జూలు సింహంలో భాగమే, కప్పు ఇంటిలో భాగమే, బెరడు చెట్టులో భాగమే, ప్రొపెల్లర్ ఓడలో భాగమే. నాలుగు జవాబులు మిగిలాయి. ఇక్కడే పిల్లలు నిరుత్సాహపడి వాక్యాన్ని పక్కన పడేసి, చేప జంతువు, సింహం కూడా జంతువు కాబట్టి (సి) అని పెట్టేస్తారు.

ఆ క్షణంలో పిల్లవాడు నేర్చుకోవలసినది ఏమిటంటే, ఒకటి కంటే ఎక్కువ జవాబులు సరిపోతున్నాయంటే వాక్యం తప్పని కాదు, వాక్యం ఇంకా వదులుగా ఉందని అర్థం. దానిని బిగించాలి. ‘భాగం సరే, ఆ భాగం ఏం చేస్తుంది?’ అని అడగండి. చేప రెక్క చేపను నీళ్లలో కదిలించే భాగం. ఇప్పుడు జూలు సింహాన్ని కదిలించదు, కప్పు ఇంటిని కదిలించదు, బెరడు చెట్టును కదిలించదు. ప్రొపెల్లర్ ఓడను నీళ్లలో కదిలిస్తుంది. జవాబు (బి). చేప ప్రాణి, ఓడ వస్తువు, అయినా ఫర్వాలేదు. ఈ ప్రశ్నల్లో విషయం కలవనక్కరలేదు, సంబంధం కలవాలి. జంతువుల జతకు జంతువుల జతనే, వంటింటి మాటకు వంటింటి మాటనే వెతుక్కోవడం పిల్లలకు సహజంగా ఉండే మొగ్గు. ప్రశ్నలు తయారుచేసేవారికి అది బాగా తెలుసు కాబట్టి, అటువంటి జతను ఒకదానిని జవాబుల్లో తరచుగా పెడుతూనే ఉంటారు. విషయం కలిసిన జవాబు కనిపించినప్పుడు మీ అబ్బాయి ఆనందించకుండా ఒక్క క్షణం అనుమానించడం నేర్చుకుంటే, ఆ ఒక్క అలవాటే చాలా మార్కులను కాపాడుతుంది.

కోచింగ్ వారు ఇచ్చిన పట్టిక ఎందుకు పనిచేయలేదో కూడా ఈ ప్రశ్నలోనే ఉంది. ‘భాగం–పూర్ణం’ అన్న రకం పేరు గుర్తించగానే పిల్లవాడికి పని అయిపోయిందన్న తృప్తి వస్తుంది. కానీ ఇక్కడ నాలుగు జవాబులూ ఆ రకానికి చెందినవే. రకం పేరు తెలియడం వేరు, ఆ జతకే చెందిన సంబంధాన్ని పట్టుకోవడం వేరు. పట్టికను పారేయమని నేను అనను. పనిముట్టు–పని, కారణం–ఫలితం, వ్యతిరేకాలు, సమూహం–సభ్యులు వంటి రకాలు తెలిసి ఉండటం మంచిదే. వాక్యం తట్టనప్పుడు ఏ వైపు వెతకాలో అవి సూచిస్తాయి. అయితే వాక్యం ముందు రావాలి, రకం పేరు తరువాత రావాలి. పేర్లను కంఠస్థం చేయించడం మాత్రం ఈ రోజు నుంచే మానిపించండి.

వాక్యానికి పదును ఉందో లేదో చూడటానికి ఇంకొక పరీక్ష ఉంది. అందులో ‘తప్పనిసరిగా’ అన్న మాట పట్టాలి. పిరికివాడు అంటేనే ధైర్యం లేనివాడు; ‘కౌవర్డ్ : కరేజ్’ అన్న జతకు ‘ఇది లేకపోతేనే అతనిని అలా పిలుస్తారు’ అన్న సంబంధం తప్పనిసరి. ‘నోవిస్ : ఎక్స్‌పీరియెన్స్’ దానికి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అనుభవం లేనివాడినే నోవిస్ అంటారు. ‘సోల్జర్ : ఫియర్’ అన్న జతను చూసి సైనికుడికి భయం ఉండదు కదా అని పిల్లవాడు వాదించవచ్చు. భయం ఉన్న సైనికుడు కూడా సైనికుడే అని మీరు సమాధానం చెప్పాలి. ఉండవచ్చు, కొన్నిసార్లు, సాధారణంగా అన్న మాటలు వాక్యంలో దొర్లుతున్నాయంటే ఆ జత బలహీనమైనదని నిస్సంకోచంగా అనుకోవచ్చు.

దిశ గురించి మీరు ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే జవాబు తెలిసి కూడా మార్కు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. ‘వార్మ్ : స్కాల్డింగ్’ అని ఇచ్చినప్పుడు మొదటిది తక్కువ వేడి, రెండోది ఒళ్లు కాలేంత వేడి. జవాబుల్లో ‘ఫ్యూరియస్ : అనాయ్డ్’ ముందు కనిపిస్తుంది, ‘డ్రిజిల్ : డౌన్‌పోర్’ తరువాత కనిపిస్తుంది. మొదటిదానిలో కూడా తీవ్రతలో తేడా ఉంది, కానీ అది ఎక్కువ నుంచి తక్కువకు దిగుతోంది. తుంపర నుంచి కుండపోతకు ఎక్కేదే మనకు కావాలి. వాక్యాన్ని ఎప్పుడూ మొదటి పదంతోనే మొదలుపెట్టాలన్న నియమం పెట్టుకుంటే ఈ పొరపాటు చాలావరకు తప్పుతుంది. రెండో పదంతో మొదలుపెడితేనే వాక్యం సాఫీగా వస్తుందనుకున్నప్పుడు, జవాబులను కూడా రెండో పదం నుంచే చదవాలి.

ఇప్పుడు మీరు అడిగిన పెద్ద ప్రశ్నకు వస్తాను. దయచేసి ఇంట్లో తెలుగు మానవద్దు. పైన నేను చెప్పిన పని అంతా తిరిగి చదవండి. పదాలు ఇంగ్లీషువి, కానీ ‘చేపను నీళ్లలో కదిలించే భాగం’ అన్న వాక్యాన్ని ఏ భాషలో అనుకున్నా జవాబు అదే. జవాబు పత్రంలో ఆ వాక్యం ఎవరికీ కనిపించదు, దానిని రాయవలసిన పని లేదు. పిల్లవాడి మనసులో అది ఎంత స్పష్టంగా రూపుదిద్దుకుందన్నదే లెక్క. ఇంట్లో తెలుగులో హాయిగా ఆలోచించే పిల్లవాడిని కొన్ని నెలల పాటు తల్లితో తడబడుతూ ఇంగ్లీషులో మాట్లాడమంటే, మీ ఇద్దరి మధ్య జరగవలసిన ఈ సూక్ష్మమైన చర్చే ఆగిపోతుంది. బడిలో, పుస్తకాల్లో, స్నేహితులతో అతనికి ఇంగ్లీషు పుష్కలంగా దొరుకుతోంది. మీరు ఇవ్వగలిగినది వేరే ఉంది, అది చాలా విలువైనది.

వంటింట్లోనే మొదలుపెట్టండి. అట్టు వేస్తున్నప్పుడు అతనిని పిలిచి అడగండి: అట్టుకూ పెనానికీ సంబంధం ఏమిటి, అట్టుకూ అట్లకాడకూ ఏమిటి, అట్టుకూ పచ్చడికీ ఏమిటి? మూడూ అట్టుతో కలిసే వస్తాయి. కానీ పెనం మీద అట్టు కాలుతుంది, అట్లకాడతో దానిని తిరగేస్తాము, పచ్చడితో నంజుకుంటాము. ‘కలిసే వస్తాయి’ అన్న అతని సమాధానం ఎందుకు చాలదో ఆ ఒక్క పొయ్యి దగ్గరే అతనికి తెలిసిపోతుంది. ఆ తరువాత ఒక జతను మీరిచ్చి ఇంకొక జతను అతనిని చెప్పమనండి. కవ్వానికి చిలకడం అయితే జల్లెడకు ఏమిటి? రోలుకు ఏమిటి? చేటకు ఏమిటి? జల్లించడం, దంచడం, చెరగడం అన్న మాటలు న్యూజెర్సీలో పుట్టి పెరిగిన పిల్లవాడికి తెలియకపోతే ఇంకా మంచిది. మీరు చేసి చూపిస్తారు, అతను మాటతో పాటు సంబంధాన్ని కూడా చూస్తాడు. తీవ్రత కోసం తుంపర, జల్లు, వాన, కుండపోత వరుసగా చెప్పించండి. చిరాకు, కోపం, ఆగ్రహం చెప్పించండి. చిరునవ్వు దగ్గర మొదలుపెట్టి పొట్ట చెక్కలయ్యే నవ్వు దాకా పోనివ్వండి. తరువాత అవే వరుసలను ఇంగ్లీషు మాటలతో కట్టమనండి. ఒక భాషలో మెట్లు లెక్కపెట్టడం వచ్చిన పిల్లవాడు రెండో భాషలో కూడా మెట్లు వెతుక్కుంటాడు. ఏ మెట్టుకు ఇంగ్లీషు మాట దొరకలేదో అక్కడ నిఘంటువు తెరవాలన్న అవసరం అతనికే కలుగుతుంది, అలా నేర్చుకున్న మాట జాబితాలో చదివిన మాట కంటే గట్టిగా నిలుస్తుంది.

మీకు ఇంగ్లీషు మాట తెలియని సందర్భాలు వస్తాయి. వచ్చినప్పుడు దాచుకోవద్దు. ‘ఈ మాట నాకు తెలియదు, నువ్వు నాకు చెప్పు’ అనండి. మీకు అర్థమయ్యేలా అతను వివరించవలసి వచ్చినప్పుడు, వదులుగా ఉన్న వాక్యం అక్కడికక్కడే బయటపడుతుంది. అన్నీ తెలిసిన ట్యూటర్ ముందు పిల్లలు సగం వాక్యంతో సరిపెట్టేస్తారు, ట్యూటర్ మిగతా సగాన్ని తనంతట తానే పూర్తి చేసేస్తాడు. ఆ లోపం మీ దగ్గర ఉండదు.

తెలిసిన మాటే తెలియని అర్థంతో వచ్చే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ‘ప్రైడ్ : లయన్ :: స్కూల్ : ?’ అని అడిగి, టీచర్, ఫిష్, బుక్, బెల్, సమ్మర్ అని జవాబులిస్తే, ప్రైడ్ అంటే గర్వం అని మాత్రమే తెలిసిన పిల్లవాడు సింహానికీ గర్వానికీ ఏదో ఒక సంబంధాన్ని ఊహించుకుని టీచర్ అని పెట్టేస్తాడు. సింహాల గుంపును ప్రైడ్ అంటారు, చేపల గుంపును స్కూల్ అంటారు కాబట్టి జవాబు ఫిష్. ఈ రెండో అర్థాలను పెద్ద పెద్ద అరుదైన పదాల కంటే ముందు నేర్పించండి. పైన వచ్చిన బార్క్ అన్న మాట కూడా అటువంటిదే. పక్కన ట్రీ ఉంది కాబట్టి అక్కడ అది కుక్క అరుపు కాదు, బెరడు. జతలోని రెండో మాట మొదటి మాటకు ఏ అర్థం తీసుకోవాలో చెబుతుంది. జవాబుల్లోని మాటలు క్రియలా నామవాచకాలా అన్నది గమనించినా తరచుగా దారి దొరుకుతుంది. ఒకే ఉచ్చారణతో వేరే స్పెల్లింగ్ ఉన్న మాటలను జతగా ఇచ్చే ప్రశ్నలు కూడా ఉంటాయి. వాటిలో అర్థాల మధ్య ఏ సంబంధమూ ఉండదు. రెండు మాటలకూ ఎంత ఆలోచించినా వాక్యం రాకపోతే, ఒకసారి మనసులో పలికి చూడమని చెబితే చాలు. మూడు పదాలు ఇచ్చి నాలుగోది అడిగినప్పుడు మొదటి రెండిటికీ సంబంధం దొరకకపోతే మొదటిదానికీ మూడోదానికీ చూడాలి: ‘పప్పీ : కిటెన్ :: డాగ్ : ?’ అంటే పప్పీ డాగ్ పిల్ల కాబట్టి కిటెన్ ఎవరి పిల్లో చెప్పాలి, అది క్యాట్.

పై జతలో ఒక మాట బొత్తిగా తెలియకపోతే ఏం చేయాలి? అప్పుడు పనిని తిరగేయాలి. పై జతకు వాక్యం రాదు కాబట్టి, కింది జతలకు ఒక్కొక్కదానికీ వాక్యం చెప్పడానికి ప్రయత్నించాలి. ‘పెన్సిల్ : డెస్క్’ వంటి జతకు తప్పనిసరి సంబంధం ఏదీ లేదు, పెన్సిల్ డెస్క్ మీద ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అటువంటి జత ఏ ప్రశ్నకూ సరైన జవాబు కాదు, కాబట్టి దానిని నిర్భయంగా కొట్టేయవచ్చు. మిగిలిన జతల వాక్యాలను తెలిసిన ఒక్క పై మాటతో పెట్టి చూసి, ఏది అసలే పొసగదో దానినీ కొట్టేయవచ్చు. పూర్తిగా చీకట్లో ఉన్న ప్రశ్నలో కూడా ఒకటి రెండు జవాబులు ఇలా తగ్గుతాయి.

వదిలేయాలా, పెట్టేయాలా అన్న మీ సందేహానికి సమాధానం ఈ కొట్టివేతలోనే ఉంది. ఇంతకాలం ఈ పరీక్షలో అమలులో ఉన్న పద్ధతి ప్రకారం సరైన జవాబుకు ఒక మార్కు, తప్పు జవాబుకు పావు మార్కు కోత, వదిలేసినదానికి సున్నా. ఐదు జవాబుల్లో ఏదీ కొట్టేయలేక గుడ్డిగా పెడితే, అటువంటి ఐదు ప్రశ్నల్లో సగటున ఒకటి తగిలి ఒక మార్కు వస్తుంది, నాలుగు తప్పి ఒక మార్కు పోతుంది; లాభమూ లేదు, నష్టమూ లేదు, సమయం మాత్రం పోతుంది. ఒక జవాబును కచ్చితంగా కొట్టేయగలిగితే ప్రశ్నకు సగటున మార్కులో పదహారో వంతు, రెండిటిని కొట్టేయగలిగితే ఆరో వంతు లాభం మిగులుతుంది. కాబట్టి ఇద్దరు చెప్పినదానిలోనూ సగం సగం నిజం ఉంది. కారణం చెప్పి కనీసం ఒక్క జవాబునైనా కొట్టేయగలిగిన ప్రశ్నకు తప్పక పెట్టాలి, రెండిటిని కొట్టేస్తే తటపటాయించనే కూడదు. ఏమీ కొట్టేయలేని ప్రశ్నను అక్కడే వదిలి ముందుకు వెళ్లాలి. నిబంధనల్లో ఈ కోత లేని పరీక్ష అయితే మాత్రం ఒక్క ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు.

సమయం సంగతి కూడా దీనితో ముడిపడి ఉంది. 60 ప్రశ్నలకు 30 నిమిషాలంటే సగటున ప్రశ్నకు అర నిమిషం. సమానార్థకాల్లో మాట తెలిస్తే వెంటనే తెలుస్తుంది, తెలియకపోతే ఎంతసేపు చూసినా తెలియదు. అనాలజీలకు ఆలోచన ఫలిస్తుంది. మీ అబ్బాయికి సమానార్థకాలు వచ్చు కాబట్టి వాటిని చకచకా ముగించి, అక్కడ మిగిల్చుకున్న నిమిషాలను అనాలజీలకు ఇవ్వడం అతని విషయంలో న్యాయం. అయితే మొదటి మూడు నాలుగు వారాలు గడియారం జోలికి పోవద్దు. వాక్యం చెప్పడం అలవాటు కాకముందే సమయం పెడితే పిల్లవాడు మళ్లీ ‘కలిసే వస్తాయి’ దగ్గరికే వెళ్లిపోతాడు.

ఫలితాలు వచ్చినప్పుడు ఒక విషయం మీ మనసును కష్టపెట్టకూడదని ముందే చెబుతున్నాను. మిడిల్ లెవెల్‌లో ఒక్కొక్క విభాగానికి 440 నుంచి 710 వరకు స్కోరు ఇస్తూ వచ్చారు, దానితో పాటు పర్సెంటైల్, అంటే నూటికి ఎంతమంది కంటే ముందున్నాడో చెప్పే అంకె కూడా ఉంటుంది. ఆ పర్సెంటైల్ దేశంలోని పిల్లలందరితో పోల్చి ఇచ్చేది కాదు, ఇదే పరీక్ష రాసిన అదే తరగతి పిల్లలతో పోల్చి ఇచ్చేది. వారిలో ఎక్కువమంది ప్రైవేటు పాఠశాలల కోసం మీ వలెనే సిద్ధమై వచ్చినవారే. బడి పరీక్షల్లో ఎప్పుడూ తొంభైకి తగ్గని పిల్లవాడికి ఇక్కడ 60 వచ్చిందని ఇంట్లో దిగులుపడటం, అతని ముందు ఆ దిగులు చూపించడం సరికాదు.

సాధనకు రోజూ పది పదిహేను నిమిషాలు చాలు. ఐదు ప్రశ్నలు తీసుకోండి, జవాబులు మూసి వాక్యం బయటికి చెప్పించండి, తెలుగైనా ఇంగ్లీషైనా కలగలిపైనా ఫర్వాలేదు. తప్పు పోయిన ప్రశ్నలకు ఒక నోటుబుక్ పెట్టి, అందులో సరైన జవాబును మాత్రమే కాకుండా తాను మొదట చెప్పిన వాక్యాన్నీ, బిగించిన తరువాతి వాక్యాన్నీ ఒకదాని కింద ఒకటి రాయమనండి. నెల తిరిగేసరికి ఆ పుస్తకాన్ని మీరిద్దరూ కూర్చుని చూస్తే అతని తప్పులు ఏ వైపు పోతున్నాయో కనిపిస్తుంది. దిశ తప్పుతున్నాడా, వాక్యం వదులుగా ఉంటోందా, విషయం చూసి మోసపోతున్నాడా, మాటే తెలియలేదా అన్నది తేలిపోతుంది. చివరి రకం తప్పులు మాత్రమే మిగిలిన రోజున మీరు పదాల జాబితాలు తీయవచ్చు, గడియారాన్ని కూడా ఆ రోజు నుంచే బల్ల మీద పెట్టవచ్చు.